శనివారం బద్లీ

లింబాద్రికి చేతకాని పనులు రెండున్నాయి. ఒకటి ఈత, ఇంకొకటి ఎవరైనా సాయం అడిగితే కుదరదని చెప్పడం. మస్కట్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా సముద్రంలో మోకాళ్లు దాటి దిగలేదు కాబట్టి మొదటిదాని వల్ల ఏ ముప్పూ రాలేదు. రెండోదాని వల్ల మాత్రం ఎన్నిసార్లు పీకల మీదికి తెచ్చుకున్నాడో ఆయనకే గుర్తులేదు.

ఆయనది భీమ్‌గల్ పక్క పల్లె. అజైబాలో బిల్డింగుల మెయింటెనెన్స్ చూసే ఓ కంపెనీలో ఫోర్‌మన్. శుక్రవారం కదా అని నల్లాలూ ఏసీలూ చెడిపోకుండా ఆగవు గనక ఆ కంపెనీకి ఏడు రోజులూ డ్యూటీయే. మనిషికి వారానికో రోజు వంతులవారీగా సెలవు ఇస్తారు. ఒకరికి ఏదైనా అడ్డం వస్తే వాళ్ల బదులు ఇంకొకరు వెళ్తారు. దాన్నే బద్లీ అంటారు. హెల్మెట్టు మీద పేరెవరిదైనా సరే, పైపు కారడం ఆగితే చాలని కంపెనీ కూడా చూసీ చూడనట్టు ఊరుకునేది. ఈ బద్లీలు కుదర్చడంలో లింబాద్రిని మించినవాడు లేడు. ఒకసారి కంపెనీ మనుషులుండే క్యాంపు క్రికెట్ టీముకి మనిషి తక్కువైతే, బాల్ ఎటు నుంచి వస్తుందో కూడా తెలియని వంటమనిషిని నిలబెట్టి ఆట గెలిపించాడు. మనిషి బదులు మనిషి నిలబడితే లోకం నడిచిపోతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఈ కథలో ఆయన కొంప ముంచబోయింది.

రూమ్‌లో ఆయన పక్క మంచం గమలీయేలుది. తెనాలి దగ్గర ఓ పల్లె, ఏసీ మెకానిక్. అంత పేరు నోరు తిరగక హిందీవాళ్లు అతన్ని గామాలాల్ అనీ, ఈజిప్టు ఇంజనీరు జమాల్ అనీ పిలిచేవాళ్లు. పేరు చూసి లింబాద్రి అతన్ని మొదట్లో కిరస్తానీ అనుకున్నాడు. డిసెంబర్‌లో కేకు ఎప్పుడు తెస్తావని అడిగితే, "మేం కిరస్తానీలం కాదన్నా, యూదులం" అన్నాడు గమలీయేలు.

"అయితే ఏంది? యూదులకు కేకుండదా?" అని నొచ్చుకున్నాడు లింబాద్రి.

తెనాలి వైపు యూదులేమిటని మీకు అనుమానం రావచ్చు. ఉన్నారు. గుప్పెడు కుటుంబాలు. తాతల నాడు చర్చికి వెళ్లినవాళ్లే. మనం ఎప్పుడో తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రంవాళ్లమని పెద్దలు చెప్పగా, చర్చి వదిలి, యూదులు పని ముట్టని విశ్రాంతి దినమైన శనివారం పట్టారు. గమలీయేలు ఊళ్లో వాళ్లందరికీ పెద్ద అతని తండ్రి యెహెజ్కేలు. ఆయన ఉన్న రోజుల్లో ప్రార్థన ఇల్లు నిండి, ఆలస్యంగా వచ్చినవాళ్లు వాకిట్లో కూర్చునేవాళ్లు. రాను రాను కుర్రాళ్లు జారిపోయారు. కొందరు పనుల కోసం పట్నాలు పట్టారు. మిగిలినవాళ్లలో సగం మందిని ఎదురు వీధి చర్చిలో కొత్తగా కొన్న డ్రమ్ములు లాక్కుపోయాయి. చర్చివాళ్లేమో మీరు దారి తప్పారన్నారు. దేశదేశాల యూదులేమో మీరెవరో మాకు తెలియదన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యారని ఊళ్లోవాళ్లు నవ్వారు. యెహెజ్కేలు మాత్రం ఉన్న నలుగురితోనే శనివారం దీపం ముందు కూర్చునేవాడు.

కొడుకు కూడా అంతే మొండి. ఏమైనా సరే శనివారం పానా ముట్టడు. కంపెనీ లెక్కలో అతని సెలవు శుక్రవారం, లింబాద్రి సెలవు శనివారం. ఇద్దరూ శాశ్వతంగా బద్లీ మాట్లాడుకున్నారు. క్యాంపులో కోడి కోసేదీ, పేకాట సాగేదీ శుక్రవారమే కాబట్టి, యూదు మతం వల్ల మస్కట్‌లో బాగుపడినవాడు లింబాద్రి ఒక్కడే అని రూమ్‌లో వేళాకోళం చేసేవాళ్లు. ఆయనా కాదనేవాడు కాదు.

యెహెజ్కేలు పోయి ఏడాది కావస్తోంది. అప్పుడు లీవు దొరక్క గమలీయేలు వెళ్లలేకపోయాడు. ఓ సాయంత్రం అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంటే లింబాద్రి వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఏమైంది తమ్మీ? మొకం గట్ల వెట్టినవ్?"

"వచ్చే శుక్రవారం మా నాయన ఏడాది అన్నా. ఆ రోజు కొడుకు కద్దీష్ చదవాల. అదీ మా తద్దినం ప్రార్థన. పదిమంది మగాళ్లు చుట్టూ నిలబడితేనే చదవాల. పదిమంది లేకుండా చదవకూడదు."

"ఊర్ల ఎవలన్న సదువరాదా?"

"ఊళ్లో మా మగాళ్లు ఏడుగురే మిగిలారు. మా నాయన బతికినన్నాళ్లూ మావాళ్లల్లో ఎవురు పోయినా ఊరూరూ తిరిగి పదిమందిని పోగేసి చదివించాడన్నా. ఆయన వంతు వచ్చేసరికి ఆయనకే పదిమంది లేరు." అంతదాకా గోడతోనే మాట్లాడుతున్న గమలీయేలు అప్పుడు ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

లింబాద్రి గుండె కరిగి నీరైంది. కరిగితే ఇక ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "పది మందేనా! నేనుంటి గద! వంద మందిని దెస్త."

మస్కట్‌లో యూదులు అసలు లేకపోలేదు. అజైబాలోనే, వీళ్ల కంపెనీ చూసే బిల్డింగులో, ఆరన్ పెణ్‌కర్ అనే బొంబాయి యూదుడున్నాడు. రిటైరైన అకౌంటెంటు. ఓసారి ఆయన ఏసీ బాగుచెయ్యడానికి వెళ్లిన గమలీయేలు, యూదులు లేఖన వాక్యాలు పెట్టి గుమ్మానికి వాలుగా బిగించే చిన్న డబ్బీ చూసి, దాన్ని తాకి వేళ్లు ముద్దు పెట్టుకున్నాడు. ఏసీ కోసం వచ్చినవాడు గుమ్మాన్ని ముద్దు పెట్టుకుంటే ఎవరికైనా దడే. పెణ్‌కర్ ధడాలున తలుపు మూసేశాడు. తర్వాత విషయం తెలిసి లోపలికి పిలిచి చాయ్ ఇచ్చాడు. ఆనాటి నుంచీ వెళ్లినప్పుడల్లా చాయ్ ఇస్తూనే ఉన్నాడు. కానీ శుక్రవారం సాయంత్రాలు తమవాళ్లు ఆ ఇంట్లో చేసుకునే ప్రార్థనకు మాత్రం ఒక్కసారీ రమ్మనలేదు. గమలీయేలు అడిగితే, "చూద్దాం" అనేవాడు. గవర్నమెంటు ఆఫీసుల్లో వినిపించే రకం చూద్దాం అది.

ఈసారి లింబాద్రి వెంట వెళ్లాడు. పెణ్‌కర్ అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. వాళ్ల మాటలన్నీ హిందీలోనే. ముసలాయనది బొంబాయి హిందీ, లింబాద్రిది భీమ్‌గల్ హిందీ.

"మేం వచ్చిన కొత్తలో ఈ హాల్లో కుర్చీలు చాలక కింద చాపలు వేసేవాళ్లం. ఆయిల్ కంపెనీల వాళ్లు, డాక్టర్లు, టీచర్లు. ఒకరి కాంట్రాక్టు అయిపోయింది, ఒకరి పిల్లలు చదువులకి పోయారు, ఒకరు ఈ లోకం నుంచే పోయారు. ఇప్పుడు కుర్చీలు బోలెడున్నాయి" అన్నాడు పెణ్‌కర్.

"మొత్తం ఎందరు సార్?" లింబాద్రికి కావలసింది అంకె.

"నేను మాట్లాడి చూస్తాను. సొహార్ నుంచి ఒకాయన రావాలి, నిజ్వా నుంచి డాక్టరు రావాలి. ఆరుగురో ఏడుగురో కావచ్చు. పదిమంది అయి ఏళ్లయింది."

ఆ ఏడుగురిలో గమలీయేలు ఉన్నాడో లేడో ముసలాయన చెప్పలేదు. లింబాద్రికి అది తట్టలేదు. గమలీయేలుకు తట్టింది. చాయ్ సగంలోనే వదిలేసి లేచాడు.

లింబాద్రి బుర్ర మాత్రం అప్పటికే పనిలో పడింది. తక్కువైతే ముగ్గురు, నలుగురు. ఆ మాత్రం మంది బద్లీలు లేకపోతే తను ఫోర్‌మన్ ఎందుకు? ఈ సంగతి గమలీయేలుకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. వద్దన్న పని చెయ్యడం తప్పు గానీ, అడగకుండా చేస్తే తప్పులేదని ఆయన ధర్మశాస్త్రం.

ముగ్గురిని ఎంచాడు. పెయింటర్ దేవయ్య, జగిత్యాల మనిషి, పెద్దవాడు. ఎలక్ట్రీషియన్ కుమార్. పికప్ తోలే ఫర్హాన్, హైదరాబాదువాడు. నాలుగోవాడు లింబాద్రి తనే. ఆ శుక్రవారం గమలీయేలు డ్యూటీకి కడప ఇస్రార్‌ను పంపించాడు. అంటే బద్లీకి బద్లీ.

గమలీయేలు లేని సమయం చూసి రూమ్‌లో ట్రైనింగు పెట్టాడు.

"తలకాయ మీద టోపీ ఉండాలె. పంది తినద్దు. ఇంక గది..." అని చెప్పలేక, కత్తిరించే సైగ చేశాడు.

యూదుడు కావడానికి తను కొత్తగా చెయ్యాల్సిందేమీ లేదని ఫర్హాన్ పడీ పడీ నవ్వాడు. "మేరే పాస్ తో సబ్ హై లింబాద్రి భాయ్! టోపీ, పరహేజ్, వో భీ. యహూదీ బన్నేకు మేరేకు కుచ్ కర్నేకాచ్ నై. ఇన్ లోగోంకాచ్ సోచో."

కుమార్ ముఖం పాలిపోయింది. "అన్నా, ఆడ సూస్తరా ఏంది?"

"సూడరు లేరా. పూజల నిలవడ్డోళ్ల లుంగీలు ఎవడిప్పి సూస్తడు?"

దేవయ్య మాత్రం సీరియస్‌గా అడిగాడు. "ఆళ్ల దేవుడు కోపిష్టోడా లింబాద్రీ? అవద్దం ఆడితే కండ్లు వోగొడ్తడా?"

"మన ఎల్లమ్మ కంటె ఏం కాదు" అని ధైర్యం చెప్పాడు లింబాద్రి. "అసలు నువ్వు నోరే ఇప్పకు మామా. పేరడిగితే దావీదు అను, సాలు."

శుక్రవారం మధ్యాహ్నం ఎండ కొంచెం వాలాక బయల్దేరారు. గమలీయేలు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని ముందే వెళ్లిపోయాడు. వెనక ఫర్హాన్ పికప్‌లో ఈ నలుగురూ వెళ్లారు. లిఫ్టులో అందరికీ టోపీలు పంచాడు లింబాద్రి. ఎక్కడా సమయానికి దొరక్క, ఫర్హాన్ దగ్గరున్న నమాజు టోపీలే తెచ్చాడు. దేవయ్య తలకి అది మరీ చిన్నదై, ఊపిరి గట్టిగా పీలిస్తే ఎగిరిపోయేట్టుంది.

తలుపు తీసింది పెణ్‌కర్. ఎదురుగా నలుగురు మగవాళ్లు, నాలుగు టోపీలు. లింబాద్రి చెయ్యెత్తి, నేర్చుకొచ్చినట్టే "షాలోం సార్!" అన్నాడు. "గమలీయేలు మనుషులం. ఊరోళ్లం."

ముసలాయన వాళ్లను మార్చి మార్చి చూశాడు. "గుంటూరు నుంచా? మీరంతానా? ఇక్కడే, మస్కట్‌లోనే ఉన్నారా? ఇన్నాళ్లూ?" లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. "రాచెల్! రాచెల్, రా, వచ్చి చూడు! మనవాళ్లు! నలుగురు!" అని, అందరికంటే ముందు నిలబడ్డ దేవయ్యను గట్టిగా కౌగిలించుకుని, ఆ పెద్ద భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. ఈ హాల్లోకి మళ్లీ చాపలు కావాలన్నాడు. తను పోయేలోపు ఇలాంటి రోజు చూస్తాననుకోలేదన్నాడు.

అబద్ధం చెప్పమంటే దేవయ్య చెప్పేవాడే. కళ్లు పోతాయని భయమున్నా చెప్పేవాడు. కానీ ఓ ముసలివాడు భుజం తడిచేలా ఏడుస్తుంటే మాత్రం ఆయన వల్ల కాలేదు.

"సార్, తప్పైంది" అన్నాడు, వచ్చిన హిందీలో. "నేను దావీదును గాను. ఎల్లమ్మ భక్తుణ్ని. ఇగో గీడు కుమారు, గీనిదేమో అయ్యప్ప మాల. మీరేడ్వకుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత."

"నేనొక్కడినే కొంచెం దగ్గరోణ్ణి సాబ్" అని ఫర్హాన్ అందుకోబోయాడు. లింబాద్రి వాడి కాలు తొక్కాడు.

పెణ్‌కర్ కౌగిలి వదిలాడు. ఏడుపు ఎంత తొందరగా వచ్చిందో కోపం అంతకన్నా తొందరగా వచ్చింది. ఇది నాటకమా, దేవుడి ఎదుట తోలుబొమ్మలాటా అని గుమ్మంలోనే కేకలేశాడు. ఆ కేకలకి లోపలున్నవాళ్లంతా లేచి వచ్చారు. సొహార్ పోర్టు నుంచి వచ్చిన పొడుగాటి డచ్చి ఇంజనీరు, నిజ్వా డాక్టరు, స్టార్ హోటల్లో షెఫ్‌గా చేసే మార్సెల్ అనే ఫ్రెంచివాడు, ఇంకా కొందరు. వాళ్ల వెనక, కిటికీ దగ్గర, ఒక్కడూ విడిగా గమలీయేలు నిలబడి ఉన్నాడు. ఆ చూపు చూసి లింబాద్రి తన తల మీది టోపీ తీసేశాడు.

"సార్, తక్కువైతరని తెచ్చిన" అన్నాడు సన్నగా. "మా కాడ బద్లీ నడుస్తది."

"ఇక్కడ నడవదు! ఈ ప్రార్థనకి మనిషి తన బదులు తనే రావాలి. రాజునైనా బద్లీ పంపడానికి లేదు, బిచ్చగాణ్నైనా లేదు. ఒక యూదుడు తక్కువైతే లోకంలో ఉన్న మిగతా జనమంతా వచ్చి నిలబడినా ఆ ఒక్కడి చోటు నిండదు. అర్థమైందా?"

"అయింది సార్. గని మీరెందరైండ్రు?"

పెణ్‌కర్ మొహం తిప్పుకున్నాడు. డాక్టరే చెప్పాడు. అనుకోకుండా అందరూ వచ్చారట, తొమ్మిది మంది ఉన్నారట.

"అగో! గమలీయేలుతోని పది!" అన్నాడు లింబాద్రి. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగు ఎవరి ముఖంలోనూ కనబడలేదు. మార్సెల్ చేతులు కట్టుకుని, ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు. "ఈయన కూడా వీళ్లతో వచ్చినవాడే కదా. నలుగురు టోపీ పెట్టుకుని వచ్చారు, ఐదోవాడు ఇంకాస్త బాగా నేర్చుకుని వచ్చాడేమో. ఎలా నమ్మడం?"

లింబాద్రికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఇది పూర్తిగా అర్థమైంది. తను మంచి చేద్దామని దొంగ సరుకు తెచ్చి అసలు సరుకు పక్కన పెట్టాడు. ఇప్పుడు అసలుదీ దొంగదిలాగే కనబడుతోంది. ఈ నలుగురూ రాకపోయి ఉంటే ముసలాయన కాసేపు నసిగి అయినా ఒప్పుకునేవాడేమో. యెహెజ్కేలు తద్దినం తన చేతుల మీదుగానే చెడిపోతోంది.

గమలీయేలు నేను ఫలానా అని చెప్పుకోలేదు, బతిమాలలేదు. కిటికీ దగ్గర నుంచి గుమ్మం దాకా వచ్చి, వంగి చెప్పులు వేసుకోబోయాడు. "పోదాం పదన్నా" అన్నాడు తెలుగులో. "మా నాయనకి ఇయ్యేం కొత్త కాదు."

"ఆగు!" లింబాద్రి అతని చెప్పుల్లో ఒకటి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. అప్పుడాయనకి ఇంకేం తోచలేదు మరి. ఆ చెప్పు అలాగే పెట్టుకుని పెణ్‌కర్ వైపు తిరిగాడు.

"సార్, మేం నలుగురం దొంగలమే. ఒక్క పొద్దుకు వేషం ఏసినం. అది గుడ మా దేవయ్య మామ గుమ్మం దాటకముందే ఊడవీకిండు. ఒక్క పొద్దు ఏసుడే మాతోని గాలె. ఈడు ఎనిమిదేండ్ల సంది ఏస్తుండా? ఎవలికోసం? సూసేటోడెవడు ఆ క్యాంపుల? శనివారం పానా ముట్టడు, పొయ్యి ముట్టియ్యడు. మేం బిర్యానీ చేస్తే, శుక్రవారం ఒండుకున్న సల్ల కూడు తింటడు. మేం నవ్వినం సార్. నేను గుడ నవ్విన."

చంకలో చెప్పు జారబోతే సర్దుకున్నాడు.

"ఫోర్‌మన్ పోస్టు మొదలు ఈనికే ఇచ్చిండ్రు సార్. నాకన్న పని వచ్చు, నాకన్న సదువుంది. ఫోర్‌మన్‌వైతే సెలవున్నా సరే శనివారం మీటింగుకు రావాలె అన్నరు. రాను అన్నడు. గప్పుడు నన్ను జేసిండ్రు. ఈ అంగీ, ఈ వాకీటాకీ అన్నీ ఈని శనివారాలే సార్. ఎనిమిదేండ్లు ఈని శనివారాల డ్యూటీ నేనే చేసిన. నేను బద్లీని. ఈడు గాదు."

డాక్టరు మార్సెల్‌కు ఇదంతా ఇంగ్లీషులో చెబుతుంటే, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న రాచెల్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆరన్, మనవాళ్లని పూర్వం కొంకణంలో ఏమనేవాళ్లు? వాళ్లకి చెప్పు" అంది.

పెణ్‌కర్ కుర్చీలో కూలబడ్డాడు. "శనివారం తేలీలు అనేవాళ్లు. మాది నూనె గానుగల వృత్తి. శనివారం గానుగ ఆడించం, అందుకని ఆ పేరు. మాకు గ్రంథాలు లేవు, భాష మర్చిపోయాం, ప్రార్థనలు మర్చిపోయాం. శనివారం ఒక్కటే మిగిలింది. బయటి యూదు పెద్దలు వచ్చి మేం ఎవరమో ఆ శనివారాన్ని బట్టే గుర్తుపట్టారని మా నాయనమ్మ చెప్పేది. ఆ తర్వాత కూడా, నా చిన్నప్పుడు, మీరు అసలైనవాళ్లేనా అని మమ్మల్ని మళ్లీ అడిగారు. మా నాన్న మూడు రోజులు అన్నం మానేశాడు." తల ఎత్తి గమలీయేలును చూశాడు. "నీకు చాయ్ ఇచ్చి పంపేసేవాణ్ని కదూ. అదే మాట నేనూ నీకు అన్నాను. పైకి అనలేదు, అంతే తేడా."

మార్సెల్ ఏదో అనబోయి, కట్టుకున్న చేతులు విప్పేశాడు. ఆ తర్వాత తన కుర్చీ కొంచెం పక్కకి జరిపి ఖాళీ చేశాడు.

"అందరూ నిలబడండి. లెక్క చూద్దాం" అన్నాడు పెణ్‌కర్.

వాళ్లు మనుషుల్ని ఒకటి రెండు అని లెక్కపెట్టరట. దిష్టి తగులుతుందని భయం. దావీదు కీర్తనల్లో సరిగ్గా పది మాటలున్న వాక్యం ఒకటుంది, మనిషికో మాట చొప్పున అది చెబుతారు. వాక్యం పూర్తయితే మనుషులు సరిపోయినట్టు. లింబాద్రికి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. తన ఊరి కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఇష్టమైనదాన్ని ఉత్త అంకెలతో ముట్టుకోకూడదని ఆయనకి తెలుసు.

ముసలాయన తన గుండె మీద చెయ్యి పెట్టుకుని మొదటి మాట అన్నాడు. డాక్టరు వైపు చూసి రెండోది. డచ్చి ఇంజనీరు, మార్సెల్... వేలు మెల్లగా తిరుగుతూ వచ్చింది. తొమ్మిదో మాట అయ్యాక వేలు గాలిలో ఆగింది. గుమ్మం బయట నిలబడ్డ నలుగురు బద్లీలూ ఊపిరి బిగబట్టారు. దేవయ్య టోపీ నిజంగానే ఎగిరి కిందపడింది.

వేలు గమలీయేలు వైపు తిరిగింది. పదో మాట పెణ్‌కర్ గట్టిగా చెప్పాడు. వాక్యం పూర్తయింది.

గమలీయేలు ఒంటిచెప్పుతోనే ఉన్నాడు. అదీ విడిచేసి వెళ్లి వాళ్ల మధ్య నిలబడ్డాడు. తండ్రి పేరు చెప్పమన్నారు. "యెహెజ్కేలు" అన్నాడు. తర్వాత ఆ ప్రార్థన మొదలుపెట్టాడు. మాటలు లింబాద్రికి ఒక్కటీ తెలియవు. యాసను బట్టి చూస్తే మాత్రం అది ముమ్మాటికీ తెనాలి హీబ్రూ. మధ్యమధ్యలో తొమ్మిది గొంతులు "ఆమేన్" అన్నాయి. రెండోసారికి గుమ్మం బయట నుంచి ఫర్హాన్ "ఆమీన్" కలిపాడు. మూడోసారికి కుమార్ కూడా కలిపాడు. ప్రార్థన ముగిసి అంతా నిశ్శబ్దంగా ఉన్న సమయంలో, జీవితంలో ఎన్నో పాడెలు మోసిన దేవయ్య కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి, హాలు మారుమోగేలా "గోవిందా... గోవింద!" అన్నాడు.

పెణ్‌కర్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అది ఏమిటి?"

"పొయినాయన సల్లగ పోవాలని సార్" అన్నాడు దేవయ్య.

ముసలాయన కిందపడ్డ టోపీ తీసి దేవయ్య చేతికిచ్చాడు. "సరే, లోపలికి రండి. లెక్కలోకి రారు గానీ, భోజనానికి వస్తారు" అన్నాడు.

రాచెల్ పెద్ద పళ్లెంలో అటుకులు, కొబ్బరి, బెల్లం, అరటిపండు ముక్కలు కలిపి తెచ్చింది. బొంబాయి యూదులు మొక్కు తీరితే ఏలియా ప్రవక్త పేర చేసుకునేదట. దేవయ్య గుప్పెడు నోట్లో వేసుకుని, "గిది మన పలారమే" అని రెండోసారి పెట్టించుకున్నాడు. సొహార్ ఇంజనీరు ఫర్హాన్ పక్కన కూర్చుని పికప్ ఎంత మైలేజీ ఇస్తుందో అడిగాడు. మార్సెల్ గమలీయేలు దగ్గరికి వచ్చి క్షమించమని అన్నాడో, తన హోటల్ ఫ్రీజరు చెడిందని అన్నాడో, లింబాద్రికి దూరం నుంచి వినబడలేదు. మొత్తానికి ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

పొద్దు దిగకముందే లేచారు. లిఫ్టు దాకా వచ్చిన పెణ్‌కర్ గమలీయేలు చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే శుక్రవారం రండి."

"ఎవరిదైనా ఏడాదా సార్?"

"కాదు. మామూలు ప్రార్థనే. ఈ పూట అందరూ ప్రతివారం వస్తామని మాటిచ్చారు." ముసలాయన పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "మీరు రాకపోతే మేం తొమ్మిది మందిమే."

కిందికి వచ్చి పికప్ దగ్గర నిలబడి గమలీయేలు ఊరికి వీడియో కాల్ చేశాడు. అవతల అతని తల్లి శాంతమ్మ, పొద్దుటి నుంచీ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టుంది, మొదటి రింగుకే ఎత్తింది. ఆమె ముఖం సగమే కనబడుతోంది.

"చదివావా అయ్యా?"

"చదివానమ్మా."

"పదిమందీ దొరికారా?"

"దొరికారు."

"ఎక్కడెక్కడోళ్లయ్యా వాళ్లు?"

గమలీయేలు చెప్పుకుంటూ పోయాడు. బొంబాయి ఆయన, నిజ్వా డాక్టరు, డచ్చి ఆయన, ఫ్రెంచి ఆయన. ఆమె వేళ్లు మడుచుకుంటూ వింది. పేర్లు అయిపోయాయి గానీ ఓ వేలు మిగిలింది.

"తొమ్మిదే చెప్పావు. పదో ఆయన ఎవురు? ఆయనదే ఊరు?"

గమలీయేలు ఫోను లింబాద్రి చేతికిచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

"మనూరేనమ్మా" అన్నాడు. "నేనే."